అరవై ఒకటో పాట

జూన్ 3, మంగళవారం

పాటలొచ్చాయి. నూట పదహారు. అన్నీ కలిపి బొటనవేలి గోరంత పెన్‌డ్రైవ్‌లో పట్టేశాయి. నేను రేడియోలో చేరిన రోజుల్లో ఇన్ని పాటలు మొయ్యాలంటే ఇద్దరు మనుషులూ ఒక బండీ కావలసొచ్చేది.

ప్రోగ్రాం అమ్మాయి స్వయంగా తెచ్చి ఇచ్చింది. ఒకప్పుడు నా దగ్గరే పని నేర్చుకుంది. ఇప్పుడు జాతీయ రేడియో కొత్త గాయకుల పోటీ అంతా తన చేతిమీదే నడుస్తోంది. "పేర్లుండవు సార్, నంబర్లే. పదికి మార్కులు వేసి, రెండు మూడు వాక్యాల్లో మీ అభిప్రాయం రాయండి. అది పాడినవాళ్ళకి పంపిస్తాం. బాగున్నవి ఆదివారం రేడియోలో చదువుతాం. ఇంకో ఇద్దరు జడ్జీలున్నారు గానీ, మాకు ముఖ్యంగా మీ చెవి కావాలి" అంది.

రిటైరై రెండేళ్ళయింది. ఈ రెండేళ్ళలో నా చెవి కావాలన్నవాళ్ళు లేరు. మా ఆవిడ మాత్రం నెలకోసారి దాని ప్రస్తావన తెస్తుంది, డాక్టరుకి చూపించమని. నిన్న సబ్బు అడిగిందట, నేను డబ్బా పట్టుకెళ్ళి ఇచ్చానట. ఆవిడ బడిలో ఫిజిక్సు చెప్పీ చెప్పీ గొంతు అరగదీసుకుంది, ఇంటికొచ్చి గొణుగుతుంది. లోపం పలికేచోట ఉంటే వినేవాణ్ణి డాక్టరు దగ్గరికి పంపడం ఎక్కడి న్యాయం?

ఈ డైరీ ఎవరూ చదవరు గనక రాసుకుంటున్నాను: చాలా సంతోషంగా ఉంది.

జూన్ 4, బుధవారం

ఒకటి నుంచి పదకొండు దాకా అయ్యాయి. అభిప్రాయాలు: "శ్రుతి మీద శ్రద్ధ పెట్టాలి." "గొంతు బాగుంది, సాధన అవసరం." "సాధన పెంచితే మంచి భవిష్యత్తు ఉంది." ముప్పై ఏళ్ళుగా ఇవే రాస్తున్నాను, ఒక్కరూ కాదనలేదు. సాధన వద్దనేవాడు ఎక్కడుంటాడు?

వాళ్ళిచ్చిన హెడ్‌ఫోన్లు మంచివి కావు. అందరూ దుప్పటి ముసుగేసుకుని పాడుతున్నట్టుంది. తీసేసి స్పీకర్లు పెట్టాను. సాయంత్రం మా ఆవిడ బజారునుంచి వస్తూ, తొమ్మిదో పాట పల్లవి వీధి మలుపు నుంచి ఇంటికొచ్చేలోపే కంఠతా వచ్చేసిందని చెప్పింది.

జూన్ 6, శుక్రవారం

గోడలకి చెవులుంటాయంటారు. మా ఇంట్లో గోడకవతల అత్తగారుంటారు.

మా ఆవిడ తల్లి. ఎనభై ఒకటి. నాలుగేళ్ళుగా మా దగ్గరే. నడవడానికి కర్ర కావాలి, చదవడానికి భూతద్దం కావాలి, వినడానికి మాత్రం ఏమీ అక్కర్లేదు. ముప్పై ఒక్క ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేశారు. అవతలివాడు హలో అంటే చాలు, నిలబడి ఉన్నాడో కూచుని ఉన్నాడో, అన్నం తిన్నాడో లేదో చెప్పేవారట.

పద్నాలుగో పాట పెట్టాను. ఒక అబ్బాయి, గిటారు, ప్రియురాలు వదిలేసి వెళ్ళిపోయిన పాట. "భావం బాగా పలికింది, సాధన" అని రాయబోతుంటే గోడకవతల నుంచి గొంతు.

"అల్లుడుగారూ, ఆ అబ్బాయి ఎందుకు నవ్వుతున్నాడు?"

"నవ్వడం లేదండీ. అది ఏడుపు పాట."

"పాట ఏడుపుదే. వాడు నవ్వుతూ పాడుతున్నాడు. పెదాలు సాగదీసి పలుకుతుంటే తెలియడంలా? ఆ పిల్ల వెళ్ళిపోయినందుకు వాడికి లోలోపల హాయిగా ఉంది."

మళ్ళీ పెట్టాను. ఇంకోసారి పెట్టాను. ఆ తర్వాత ఇలా రాశాను: "వియోగగీతాన్ని నవ్వుతూ పాడారు. మీకు నిజంగా హాయిగా ఉంటే ఆ హాయి గురించే పాడండి. మీ గొంతుకి అదే నప్పుతుంది."

నేనూ గమనించేవాణ్ణే. నాలుగోసారి వింటే.

జూన్ 7, శనివారం

అత్తగారి గది తలుపు తీసి ఉంచమన్నాను. గాలి ఆడుతుందని. మొదటి పదమూడు పాటలూ మళ్ళీ పెట్టాను, స్పీకర్లు సరిచూసుకోవడానికి.

జూన్ 10, మంగళవారం

ప్రోగ్రాం అమ్మాయి ఫోను. "సార్, పద్నాలుగు, పంతొమ్మిది, ఇరవై మూడు. నిజంగా మీరే రాశారా? ఆఫీసులో ఒకరికొకరం చదివి వినిపించుకున్నాం. ఇన్నేళ్ళూ సాధన సాధన అని మమ్మల్ని సాధించారు గానీ, ఇలా రాయగలరని ఎప్పుడూ తెలియనివ్వలేదు."

"వయసొస్తే చూపు మారుతుందమ్మా" అన్నాను.

పంతొమ్మిదికి రాసింది: "మీరు ఎవరికో ఏదో చెప్పాలని పాడుతున్నారు. ఆ మనిషి లైన్లో లేరు. ముందు ఆ మనిషిని పిలవండి, తర్వాత పాడండి." ఇరవై మూడుకి: "మూడో చరణానికి మీకే విసుగొచ్చింది. మాకు రెండో చరణంలోనే వచ్చింది."

ఇవి అత్తగారి నోట్లోంచి వచ్చిన మాటలే. కాదనను. అయినా ఆవిడ రోజుకి వంద మాటలంటారు. వాటిలో ఏది రాయాలో ఏది వదలాలో తేల్చింది ఎవరు? రాళ్ళు కొండవైనంత మాత్రాన శిల్పం కొండది కాదు కదా.

జూన్ 12, గురువారం

అత్తగారి కుర్చీ ఇప్పుడు నా గదిలోనే ఉంటోంది. "ఇక్కడ వెలుతురు బాగుంటుందండీ, బఠాణీలు ఒలుచుకోవడానికి" అన్నాను మొన్న.

"ఇంట్లో బఠాణీలు లేవు" అన్నారు.

"తెప్పిస్తాను."

రెండు కిలోలు తెప్పించాను. రోజూ ఇంట్లో అదే కూర. మా ఆవిడ కంచం ముందు కూచుని నావైపూ వాళ్ళమ్మవైపూ చూస్తుంది గానీ ఏమీ అనదు. ఫిజిక్సు టీచర్లకి అదో అలవాటు. ప్రయోగం పూర్తయ్యేదాకా నోరు విప్పరు.

అత్తగారు వినే పద్ధతి వేరు. "మీరు స్వరాలు వింటారు అల్లుడుగారూ, నేను ఊపిరి వింటాను. మనిషి మాటతో అబద్ధం చెప్పగలడు, మాటకి ముందు తీసుకునే ఊపిరితో చెప్పలేడు." ఆ ఊపిరేదో నాక్కూడా వినపడాలని స్పీకరుకి దగ్గరగా జరిగాను. స్పీకరు వేడిగా ఉంది.

యాభై ఒకటి దాకా అయ్యాయి.

జూన్ 13, శుక్రవారం

అత్తగారు చిన్నకూతురింటికి వెళ్ళారు. అయిదు రోజులు. కారెక్కుతూ అడిగారు: "నేనొచ్చేదాకా పాటలు ఆపి ఉంచుతారా?"

"అబ్బే, సోమవారానికి డెబ్భై దాకా పంపాలండీ. నేను చూసుకుంటాను."

"మీరు చూసుకుంటారు, సరే. ఎవరు వింటారు?" అన్నారు. కారు కదిలింది. ఆవిడకి హాస్యం ఎక్కువ.

జూన్ 14, శనివారం

ఒక్కణ్ణే కూచుని యాభై రెండు నుంచి డెబ్భై దాకా ముగించాను. ఎంత ప్రశాంతంగా ఉందో. మధ్యలో ఎవరూ మాట్లాడరు, బఠాణీ తొక్కలు కాళ్ళకి తగలవు.

అరవై ఒకటి గురించి ఇక్కడ రాసుకోవాలి, ఎందుకంటే ఇది పూర్తిగా నా సొంతం. ఒక స్త్రీ గొంతు, వయసు ముప్పై దాటి ఉంటుంది. మంచి గొంతే. పాటలో మేడ మెట్ల కింద నిలబడి పైనున్న ఎవరినో పిలుస్తోంది.

మేడ మీద ఉన్నావా,
దీపమింకా పెట్టలేదా,
అడుగు చప్పుడైతే చాలు,
మెట్లెక్కి వచ్చేస్తాను.

ఇంతే. ఒక లైను పాడుతుంది, ఆగిపోతుంది. ఆరేడు సెకన్లు ఏమీ ఉండదు. మళ్ళీ ఒక లైను, మళ్ళీ ఏమీ ఉండదు. వాద్యాలు లేవు, తాళం లేదు. పాట సగానికి సగం ఖాళీ.

రాశాను: "లైనుకీ లైనుకీ మధ్య ఇంత ఖాళీ వదిలిన దాన్ని పాట అనలేం, పాట కోసం గీసుకున్న గీతలు అనాలి. తొందరపడి పంపారు. ముందు ఈ ఖాళీ నింపండి." మూడు మార్కులు.

"పాట కోసం గీసుకున్న గీతలు." బాగా వచ్చింది. అత్తగారు ఊళ్ళో లేకపోయినా పని ఆగదని తేలింది.

జూన్ 15, ఆదివారం

రేడియోలో మా పోటీ కార్యక్రమం. నేనూ మా ఆవిడా కాఫీలు పట్టుకుని కూచున్నాం. అనౌన్సరు పంతొమ్మిదో పాట వినిపించి, "ఈ పాట మీద మన జడ్జి రాసిన అందమైన వాక్యాలు" అంటూ చదివాడు. ఆ మనిషి లైన్లో లేరు, అని అతను నెమ్మదిగా పలుకుతుంటే మా ఆవిడ కప్పు కింద పెట్టింది.

"లైన్లో లేరా?" అంది.

"రేడియోవాళ్ళ భాషలో అలాగే అంటాం" అన్నాను. నేనేమీ భుజాలు తడుముకోలేదు.

పది నిమిషాలకి ఫోను మోగింది. అత్తగారు, చిన్నకూతురింటి నుంచి.

"అల్లుడుగారూ, మీ రేడియోలో ఎవరో జడ్జి అచ్చం నాలాగే మాట్లాడుతున్నాడు. ఎవరో కాస్త కనుక్కోండి. ఏ ఎక్స్ఛేంజిలో పనిచేశాడో, నాకు తెలిసినవాడేమో."

"కనుక్కుంటానండీ" అన్నాను.

"తొందరేం లేదు" అన్నారు.

జూన్ 18, బుధవారం

అత్తగారు పొద్దున వచ్చారు. నేనొక్కణ్ణే చూసిన పాటలు వినిపించాను. ఊరికే. ఏమంటారోనని.

అరవై ఒకటి పెట్టాను. ఆవిడ బఠాణీలు ఒలవడం ఆపి కళ్ళు మూసుకున్నారు. పాటంతా అయ్యాక కూడా తెరవలేదు.

"ఎంత ముద్దుగా జవాబిస్తోందో" అన్నారు.

"ఎవరు?"

"అదే, ఆ గాజు. ఈవిడ అడగడం, అది పలకడం. మేడ మీద ఉన్నావా అంటే ఉన్నానని. దీపం పెట్టలేదా అంటే ఇదిగో పెడుతున్నానని. గాజుగ్లాసుల మీద చెంచాతో కొడుతున్నారేమో. రెండు చివర్లా మనుషులున్న పాట అల్లుడుగారూ, ఎన్నాళ్ళకి విన్నానో. దీనికి ఎంతిచ్చారు?"

"బాగానే ఇచ్చానండీ. గాజు బాగుంది" అన్నాను.

మంచినీళ్ళ కోసమని వంటింట్లోకి వెళ్ళాను. అలమర్లోంచి అన్నిటికంటే సన్నటి గ్లాసు తీసి చెంచాతో కొట్టాను. టక్, అంది. ఇంకోటి కొట్టాను. టక్. గాజు మోగాలి కదా, టక్ అనడమేమిటి? మంచి గాజు కాదేమో. నాలుగో గ్లాసు దగ్గరుండగా వెనక మా ఆవిడ. ఎప్పుడొచ్చిందో తెలియదు. వచ్చిన చప్పుడు వినపడలేదని రాయడానికి ఇది సమయం కాదు.

"ఆ గ్లాసు ఇంకా మోగుతూనే ఉంది" అంది. గ్లాసువైపే చూస్తోంది.

నన్ను బల్ల దగ్గర కూచోబెట్టి ఫోను తీసింది. అందులో శబ్దాలు పుట్టించేదేదో ఉంది, పిల్లలకి పాఠం చెప్పడానికి వాడుతుందట. కింది స్వరం దగ్గర మొదలుపెట్టి ఒక్కో మెట్టూ పైకి వెళతాను, వినపడినప్పుడల్లా వేలెత్తండి, అంది.

వేలెత్తుతూ పోయాను. ఎత్తాను, ఎత్తాను, ఎత్తాను. ఆవిడ ఫోను మీద వేలు పెట్టి నా మొహంలోకి చూస్తోంది. ఎత్తాను.

"నేనింకా నొక్కలేదు" అంది.

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. నా వేలు పట్టుకుని కిందికి దించి కాసేపు అలాగే పట్టుకుంది. మామూలుగా పిట్టలు కూసే ఎత్తు దగ్గర్నుంచీ పైనున్నదేదీ నాకు లేదట. రెండేళ్ళుగా పెరట్లో పిట్టలు లేవని, ఊళ్ళో చెట్లు కొట్టేస్తున్నారని నేను అందరితోనూ వాదిస్తున్నాను.

జూన్ 20, శుక్రవారం

నిన్నా ఇవాళా అత్తగారితో కూచుని డెబ్భై ఒకటి నుంచి నూట పదహారు దాకా ముగించి పంపేశాను. ప్రోగ్రాం అమ్మాయికి ఫోన్ చేశాను. అరవై ఒకటి మీద నా అభిప్రాయం పంపేశారా అని.

"సోమవారమే పంపేశాం సార్. నిన్న ఆవిడ జవాబు కూడా రాసింది. పాపం ఆస్పత్రి క్యాంటీన్లో గిన్నెలూ గ్లాసులూ కడిగే ఉద్యోగం. చదవనా?" అని చదివింది. "'జడ్జిగారికి నమస్కారం. లైన్ల మధ్య నేను వాయించింది వారికి వాద్యంలా అనిపించలేదని అర్థమైంది. నేను సంగీతం నేర్చుకున్నదాన్ని కాదు, కడిగే గ్లాసులే వాయిస్తాను. వారు చెప్పినట్టే గ్లాసులు తీసేసి, ఖాళీ లేకుండా గబగబా పాడి మళ్ళీ పంపుతున్నాను. తప్పులుంటే మన్నించాలి.' రెండోసారి పంపడానికి రూల్సు ఒప్పుకోవు సార్. ఎలాగూ మార్కులు చాలక ఆ పాట పోయింది."

"అలాగా" అన్నాను.

"ఇంకేమైనా ఉందా సార్?"

"లేదమ్మా."

జూన్ 21, శనివారం

తలనొప్పి. ఏమీ రాయను.

జూన్ 22, ఆదివారం

తలనొప్పి. తలనొప్పి ఉన్నవాళ్ళు గంటకోసారి వంటింట్లోకెళ్ళి గ్లాసులు కొట్టుకోరని మా ఆవిడ అంది.

జూన్ 23, సోమవారం

పొద్దున్నే అత్తగారు తన కుర్చీలో వచ్చి కూచున్నారు. బఠాణీలు లేవు. పాట పెట్టమనలేదు.

"ఎంతిచ్చారు దానికి?" అన్నారు.

"మూడు."

"ఏమని రాశారు?"

చెప్పాను. ఖాళీ అన్న మాట దగ్గర నా గొంతు తగ్గిపోయింది. తగ్గినా ఆవిడకి వినపడుతుంది, అదొక ఇబ్బంది.

ఆవిడ తిట్టలేదు. తన సంగతి చెప్పారు. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, ఎక్కడో దూరాన్నుంచి ఒకాయనకి కాల్ కలిపారట. అవతల మాట లేదు, ఇవతల మాట లేదు. లైను చచ్చిపోయిందనుకుని ప్లగ్గు పీకేశారు. ఆయన మర్నాడు ఎక్స్ఛేంజికి వచ్చి నిలబడ్డాడట. పదేళ్ళు మాట్లాడుకోని అన్నదమ్ములు. అన్న ఫోన్ చేశాడు, ఇద్దరికీ మాట పెగల్లేదు, ఎవరు ముందు మాట్లాడతారా అని చూస్తుంటే లైను పోయింది. ఏ అమ్మాయి కట్ చేసిందో చెప్పమని అడిగాడు.

"మీరేం చేశారు?"

"యంత్రం పాడైందని చెప్పాను. అందరూ నమ్మారు, ఆయన కూడా. ఇప్పటికీ ఆ మాట నా గొంతులో ఉంది అల్లుడుగారూ. ఆయన అడ్రసు నాకు తెలుసు. మూడు వీధులవతలే. వెళ్ళి చెబితే ఏం పోయేది? మహా అయితే ఆయన నాలుగు తిట్టేవాడు."

ఆ తర్వాత, కర్ర అందుకుని లేస్తూ: "మీ తలనొప్పి ఇంకా ఎన్నాళ్ళుంటుంది?"

జూన్ 24, మంగళవారం

వెళ్ళాను. అత్తగారు కూడా వస్తానన్నారు. ఎందుకండీ అంటే, లైను మధ్యలో కట్ కాకుండా చూడ్డానికి అన్నారు.

రేడియో స్టేషన్లో మీటింగు గది. ప్రోగ్రాం అమ్మాయి, మిగతా ఇద్దరు జడ్జీలు. ఒకాయన గిటారు నేర్పే మాస్టారు, అవసరమైతేనే మాట్లాడతాడు. ఇంకొకావిడ వయొలిన్ విద్వాంసురాలు, అవసరం లేకపోయినా మాట్లాడుతుంది. చివరి రౌండుకి పన్నెండుమందిని ఏరుతున్నారు. అంతా లేచి నిలబడి నాకు కుర్చీ ఇచ్చారు. అది మరీ కష్టమైంది.

"అరవై ఒకటిలో సగం నాకు వినపడలేదు" అన్నాను. "గ్లాసులున్నాయని మా అత్తగారు చెబితే తెలిసింది. పై స్వరాలు నా చెవికి అందవు. ఎప్పట్నుంచో అందడం లేదు. నా మూడు మార్కులూ కొట్టేయండి."

వయొలిన్ ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"నేను ఎనిమిది వేశాను" అంది. "తర్వాత మీరు రాసింది చదివాను. ఇంతటాయన ఖాళీ అన్నారంటే నాకు సంగీతం తెలియదేమోననిపించి అయిదు చేశాను."

"నేను తొమ్మిది" అన్నాడు మాస్టారు. "మార్చలేదు." ఆయన అన్నది అంతే. వయొలిన్ ఆవిడ, నేను, ఇద్దరం బల్లవైపు చూశాం.

ప్రోగ్రాం అమ్మాయి పెన్ను పక్కన పెట్టింది. "సార్, మరి ఆ లైన్లో లేరన్న మాట?"

"మా అత్తగారిది."

"నవ్వుతూ పాడారన్నది?"

"అదీ ఆవిడదే. సాధన ఒక్కటే నాది."

ఆ పిల్ల తల వంచుకుంది. బాధపడుతోందనుకున్నాను. భుజాలు కదులుతుంటే నవ్వుతోందని తెలిసింది. మొహం తుడుచుకుని లెక్కలు మళ్ళీ వేసింది. వయొలిన్ ఆవిడ ఎనిమిది ఎనిమిదిగానే నిలబెట్టింది. నా మార్కులు లేకుండా అరవై ఒకటి పన్నెండుమందిలోకి వచ్చింది.

నేను జడ్జిగా తప్పుకుంటానన్నాను. నేనొక్కణ్ణే విన్న మిగతా పద్దెనిమిది పాటల సంగతేమిటని మాస్టారు అడిగాడు. అవసరమైనప్పుడు మాట్లాడతాడని రాశాను కదా.

"అత్తగారికి వీలవుతుందా సార్?" అంది ప్రోగ్రాం అమ్మాయి, ఆవిడవైపు తిరిగి. "మీరిద్దరూ కలిసి వినండి. పేరు మాత్రం ఇద్దరిదీ వెయ్యాలి. ఫారంలో మిమ్మల్ని ఏమని రాయమంటారమ్మా?"

"ఆపరేటర్ అని రాయండి" అన్నారు అత్తగారు.

జూన్ 25, బుధవారం

అరవై ఒకటికి ఉత్తరం. తొమ్మిదిసార్లు రాశాను. మొదటిది మూడు పేజీలు, అందులో నా ముప్పై ఏళ్ళ అనుభవం రెండు పేజీలు. పోస్టు చేసింది ఇది:

"అమ్మా, మీ పాటలో ఖాళీ లేదు. నా చెవిలో ఉంది. పై స్వరాలు నాకు వినపడవు. ఆ సంగతి నాకే తెలియక మీ పాటని తప్పుపట్టాను. మీ గ్లాసులు వినపడినవాళ్ళందరూ మీ పాటని ఎంచారు. చివరి రౌండుకి రండి. మొదట పంపినట్టే పాడండి. గ్లాసులు తప్పకుండా తెచ్చుకోండి."

మధ్యాహ్నం చెవి డాక్టరు. నా వెనక నిలబడి ఏదో అన్నాడట, నేను బదులు చెప్పలేదట. మా ఆవిడ, ఆయన ఒకరినొకరు చూసుకున్నారు. ఆ చూపు చప్పుడు మాత్రం నాకు బాగా వినపడింది. చెవి మిషను తయారవడానికి నెల పడుతుంది.

జూన్ 28, శనివారం

యాభై రెండు నుంచి డెబ్భై దాకా మళ్ళీ. పద్దెనిమిదిలో ఏడింటికి మార్కులు మారాయి, పన్నెండుమంది జాబితా మాత్రం అలాగే ఉంది. రెండింటికి తగ్గాయి. తగ్గించినవి నా పట్టుదల మీద. అత్తగారికి జాలి ఎక్కువ, నేను చూసుకోవాలి.

జూలై 5, శనివారం

చివరి రౌండు అయింది. మధ్యాహ్నం పెద్ద స్టూడియోలో, ఎదురుగా కొద్దిమంది శ్రోతలు. మా ఆవిడ మూడో వరసలో. జడ్జీల బల్ల దగ్గర నేను, నా పక్కన అత్తగారు. ఆవిడ ముందు అట్టమీద పెద్ద అక్షరాలతో "ఆపరేటర్".

అరవై ఒకటో నంబరు అయిదోదిగా వచ్చింది. బక్కపలచటి మనిషి. చేతులు నీళ్ళలో నాని తెల్లబడ్డాయి. తువ్వాల్లో చుట్టుకొచ్చిన ఆరు చిన్న గ్లాసులు ఒక్కొక్కటే విప్పి బల్లమీద పెట్టింది. వాటిల్లో కొలిచి కొలిచి కాసిని నీళ్ళు పోసింది. మా బల్లవైపు ఒక్కసారి చూసింది, ఎవరు నేనో పోల్చుకోవడానికి.

పాడింది. మేడ మీద ఉన్నావా. ఆగింది. చెంచా కదిలింది. నాకేమీ లేదు. బల్లకింద అత్తగారు నా మణికట్టు మీద వేలితో తట్టారు. ఒకటి, రెండు, గ్యాపు, మూడు. దీపమింకా పెట్టలేదా. మళ్ళీ వేలు. పాటంతా అలాగే విన్నాను, చెవికి సగం, చేతికి సగం.  

మార్కుల దగ్గర గొడవపడ్డాం. నేను పది అన్నాను. ఆవిడ ఏడు అన్నారు.

"ఏడేమిటండీ?"

"రికార్డులో గ్లాసులు ధైర్యంగా పలికాయి. ఇవాళ భయపడుతూ కొట్టింది. వినపడీ వినపడనట్టు."

ఎందుకు భయపడిందో ఆవిడ అనలేదు. అనక్కర్లేదు. ఏడే వేశాం. మూడో బహుమతి వచ్చింది. మొదటిది ఎనభై రెండో నంబరుకి వెళ్ళింది, న్యాయంగానే.

జనం వెళ్ళిపోతున్నారు. అరవై ఒకటి పాడినావిడ గ్లాసులు సర్దుకుంటుంటే దగ్గరికి వెళ్ళాను. ఏం మాట్లాడాలో ఇంటిదగ్గరే అనుకుని వచ్చాను, ఒక్కటీ గుర్తు రాలేదు.

"మీ ఉత్తరం అందింది సార్" అంది. "కోపమేమీ రాలేదు. కానీ ఒకరికి వినపడకపోతే ఇంకెంతమందికి వినపడదో అని మనసులో పడిపోయింది. చెంచా ఎత్తితే చెయ్యి వెనక్కి పోతోంది."

"నాకొక్కడికే వినపడదమ్మా. అందరికీ వినపడుతుంది."

"మీకసలు వినపడదా సార్?"

"గట్టిగా కొట్టి చూడు."

కొట్టింది. టక్. ఇంకా గట్టిగా కొట్టింది. టక్. "పగిలిపోతుంది సార్" అంది. ఇద్దరం గ్లాసుని చూస్తూ నిలబడ్డాం.

అప్పుడొచ్చింది మా ఆవిడ, జడ్జీల బల్లమీది నీళ్ళ జగ్గు పట్టుకుని. ఎవరినీ అడగలేదు. ఆరు గ్లాసుల్లోనూ అంచులదాకా నీళ్ళు పోసింది. "నీళ్ళెక్కువైతే స్వరం కిందికి దిగుతుంది. తొమ్మిదో క్లాసు పాఠం" అంది. "ఇప్పుడు కొట్టమ్మా. నువ్వు కూడా కాస్త కిందనుంచి పాడు."

ఆ మనిషి మా ఆవిణ్ణి చూసింది, నన్ను చూసింది. గొంతు సవరించుకుంది. మేడ మీద ఉన్నావా, అని బాగా కింది శ్రుతిలో అడిగింది. చెంచా ఎత్తింది. ఈసారి చెయ్యి వెనక్కి పోలేదు.

వినపడింది. సన్నగా, నీళ్ళ అడుగునుంచి ఎవరో పలికినట్టు. ఒకటి, రెండు, కాస్త ఆగి మూడు. ఆరింటిలో నాలుగు గ్లాసులు వినపడ్డాయి. పాడే మనిషి నా మొహం చూసి రెండో లైను కూడా పాడింది. మూడోది కూడా. చివరికొచ్చేసరికి తనే నవ్వేస్తోంది, పాట మధ్యలో.

అత్తగారు కర్ర తాటించుకుంటూ వచ్చారు. శ్రుతంతా మంటగలిసింది, ఇదేం పాట అని రెండు చెవులూ మూసుకున్నారు.

ఇంకోసారి పాడమన్నాను.